ఆరు వంపుల కత్తి

రాజమండ్రి,
శనివారం సాయంత్రం.

చిరంజీవి బుజ్జిగాడికి పిన్ని ఆశీస్సులు.

మాగాయ ముక్కలు డాబా మీద ఎండుతున్నాయి. కోతుల కాపలాకి మీ బాబాయి చేతికి కర్ర ఇచ్చి కూర్చోబెట్టాను. మోకాలు నొప్పి, మెట్లు దిగలేను అంటారు కదా, అయితే దిగకండి, అక్కడే ఉండండి అన్నాను. నిన్న మీ అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులైనా విడవకుండా ఫోను నా ముఖాన పెట్టి, "చూడవే, వీడు కత్తి కొంటాడట!" అంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న కొడుకు కత్తి కొంటానంటే ఏ తల్లికి గుండె దడ రాదురా? అది జావావాళ్ళ కెరిస్ అనీ, గోడకి పెట్టుకునేదనీ చెప్పి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నువ్వేమో "పిన్ని జావాలో పదకొండేళ్ళు ఉంది కదా, అసలుదో కాదో చూసి చెప్పమను, ఆదివారం రాత్రితో వేలం అయిపోతుంది" అన్నావట. అడిగినందుకు మురిసిపోయాను. గడువు పెట్టినందుకు చెవి మెలిపెట్టాలనిపించింది. తొందరపెట్టి అంటగట్టేది కత్తి అయినా, పెళ్ళి సంబంధమైనా ఒక రోజు ఆగాలి నాన్నా. మీ అమ్మ ఫోనులోంచి "కొనకు" అని మూడక్షరాలు పంపించాను. ఎందుకో చెప్పడానికి ఈ ఉత్తరం. ఇది నీకు చేరడానికి రెండు వారాలు పడుతుంది. ఆలోగా నా మీద కోపమూ చల్లారుతుంది.

ముందు నువ్వు పంపిన ఆ కత్తి ఫోటో కింద రాసింది చూడు. "18వ శతాబ్దపు మజాపహిత్ రాజుల కెరిస్. డమాస్కస్ ఉక్కు. లోపల శక్తి ఉంది." మజాపహిత్ రాజ్యం 16వ శతాబ్దం మొదట్లోనే, మన కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజుల్లోనే అస్తమించింది. లేని రాజ్యానికి 200 ఏళ్ళ తర్వాత కత్తి ఎవరు చేసిపెట్టారో? డమాస్కస్ సంగతి వేరు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో కరిగించి తీసే ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కు మీద కనిపించే నీటి అలలు లోహం గడ్డకట్టేటప్పుడు లోపలే పుట్టినవి. కెరిస్ మీది గీతలు కమ్మరి పొర మీద పొర వేసి, సమ్మెటతో కొట్టి రప్పించినవి. ఇది కూడా తెలియనివాడు రాజుల సంగతి చెబుతున్నాడు. ఇక ఆ "శక్తి" గురించి తర్వాత చెబుతాను.

నన్ను పెద్ద పండితురాలిని అనుకోకు. మొదటి ఏడాదే బోల్తా పడ్డాను. బాబాయికి సోలోలో, కాగితాల మీద సురకార్త అని రాసే ఊళ్ళో, నూలు మిల్లు ఉద్యోగం. సెలవులకి బాలి వెళ్ళి అక్కడ ఒక కొట్లో నా మొదటి కెరిస్ కొన్నాను. చిన్నదే, జానెడు కత్తి పలక. పిడికి ఎర్రరాళ్ళు, పచ్చరాళ్ళు. ఒర నిండా బంగారు రంగు పూసిన పాము. పలక కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. "రాజుగారి వంశంవాళ్ళు గతిలేక అమ్ముకున్నారు" అని కొట్టువాడు గొంతు తగ్గించి చెప్పాడు. నేనూ గొంతు తగ్గించి బేరమాడాను. ఎంత తగ్గించాడో తెలుసా? సగానికి సగం. అప్పుడైనా అనుమానం రావద్దూ నాకు!

తెచ్చి పక్కింటి తాతగారికి చూపించాను. ఆ వయసువాళ్ళని జావాలో ఎంబా అంటారు. రిటైరైన బడిపంతులు. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన కెరిస్‌లు నాలుగు ఇంట్లో ఉండేవి. ఆయన నా కెరిస్‌ని రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి, "బగూస్" అన్నాడు. బాగుంది అని. నేను పొంగిపోయి రెండేళ్ళు దాన్ని హాల్లో అద్దాల బీరువాలో పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ రాజవంశం కథ చెప్పాను. వాళ్ళ భాష కాస్త పట్టుబడ్డాక మళ్ళీ అడిగితే, ఎంబా గోటితో వంపులు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించాడు. ఆరు. "మరి ఆ రోజు బగూస్ అన్నారుగా?" అన్నాను ఉక్రోషంగా. "బగూస్ అన్నాను. కెరిస్ అనలేదు" అన్నాడు.

అందుకని మొదటి పాఠం అదే. ఆ వంపుల్ని లుక్ అంటారు. అవి ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి: 3, 5, 7, అలా 13 దాకా మామూలు. అయిదు వంపుల రూపాల్లో ఒకదాని పేరు పాండవ, చూశావా, ఎందుకో వేరే చెప్పాలా! నీ ఫోటోలో నేను లెక్కపెడితే ఎనిమిది వచ్చాయి. మీ అమ్మ లెక్కపెడితే ఏడు వచ్చాయి. కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ ఎనిమిదే అంది. మొదలు నుంచి మొన దాకా ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క వంపు పట్టుకుంటూ నువ్వే లెక్కపెట్టు. తప్పు లెక్క ఎవరికైనా వస్తుంది, మూడుసార్లు చెయ్యి. మూడుసార్లూ సరి సంఖ్యే వస్తే కంప్యూటరు మూసేసి పడుకో.

అన్నట్టు, కెరిస్ అంటే పాములా వంకర్లు తిరిగి ఉండాలనుకోకు. నిటారుగా ఉన్న పాతవి బోలెడు. వంకర్లు లేవని యాత్రికులు వాటి వంక చూడరు. అందుకే బజారు బొమ్మలన్నిటికీ వంకర్లూ, పాములూ, రాళ్ళూ.

తర్వాత పలక మొదలు చూడాలి. అక్కడ వెడల్పు రెండు పక్కలా సమానంగా ఉండదు. ఒక పక్క పొడుగ్గా సాగి మొనదేలుతుంది, ఇంకో పక్క పొట్టిగా ఆగిపోతుంది. ఆ ఎగుడుదిగుడే కెరిస్ లక్షణం. రెండు పక్కలా త్రాసులా సమానంగా ఉంటే అది కెరిస్ వేషం వేసుకున్న మామూలు బాకు. పలక అడుగున అడ్డంగా కూర్చునే ముక్కని గంజా అంటారు. నవ్వకు. ఈ వాక్యం మాత్రం మీ అమ్మకి పైకి చదివి వినిపించకు, రాత్రంతా నిద్రపోదు. మామూలుగా గంజా వేరే ముక్క. దాని మధ్య బెజ్జంలోంచి పలక తోక పిడిలోకి దిగుతుంది. వెలుతురుకి పట్టుకుంటే సన్నటి అతుకు కనిపిస్తుంది. బజారు బొమ్మల్లో అతుకు ఉండదు, అతుకు ఉన్నట్టు ఉలితో గీసిన గీత ఉంటుంది. అయితే ఒక్క మాట. పలకతో కలిపి ఒకే ముక్కగా కొట్టిన అసలు కెరిస్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకు. ఏ ఒక్క గుర్తూ చాలదు.

గంజాని పై నుంచి చూస్తే బల్లిలా ఉంటుంది. ఒక కొసని "సిరా చెచక్" అంటారు, బల్లి తల అని. సిరా అంటే తల, మన శిరస్సే. పలక మొదట్లో ఇంకా చిన్న చిన్న చెక్కడాలు ఉంటాయి. తొండంలా వంకర తిరిగినదాన్ని చిక్కుడు పువ్వు అన్నారు, దాని కింద పొడుచుకొచ్చినదాన్ని "లంబె గజా" అన్నారు, అంటే ఏనుగు పెదవి. వెనక వైపు రంపపు పళ్ళలాంటి సన్నటి నొక్కులు. బొటనవేలు ఆనేంత గుంట. ఇవన్నీ ఆకురాయితో రోజుల తరబడి అరగదీసి తెచ్చినవి. బొమ్మల్లో ఈ చోటే ముందు దొరికిపోతుంది. తొండం ఉన్న చోట గుబ్బ ఉంటుంది, నొక్కుల చోట నాలుగు గాట్లు ఉంటాయి. పలకని అంచు వైపు నుంచి తీసిన ఫోటో అడుగు. అసలుది మొదట్లో లావుగా ఉండి మొన వైపు సన్నబడుతుంది. బొమ్మది రేకు కోసినట్టు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం.

ఇప్పుడు గీతలు. వాటిని పమోర్ అంటారు. కెరిస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఇనుమూ, నికెల్ ఉన్న ఇనుమూ పొరలుగా వేసి, కాల్చి, కొట్టి, మడిచి, మళ్ళీ కొట్టి, మధ్యలో ఉక్కు పలకని ఇరికిస్తారు. తర్వాత దాన్ని రుద్ది శుభ్రం చేసి, నిమ్మరసంలో మణిశిల కలిపి పట్టిస్తారు. మణిశిలలోని ఆర్సెనిక్‌కి ఇనుము నల్లబడుతుంది, నికెల్ వెండిలా మెరుస్తూ మిగిలిపోతుంది. ఆ వన్నెల పేర్లు విను: ఒలికిన బియ్యం, బంగారు వాన, ఈడ్చుకెళ్ళిన కొబ్బరాకు. మన ఆడవాళ్ళు ముగ్గులకి పేర్లు పెట్టినట్టే లేదూ? 18వ శతాబ్దంలో ప్రంబనన్ దగ్గర దొరికిన ఉల్కని సోలో రాజుగారి కోటకి తెచ్చి, దాని ఇనుముని పమోర్‌కి వాడారు. తర్వాత ఫ్యాక్టరీ నికెల్ వచ్చింది. అమ్మేవాళ్ళందరికీ మాత్రం ఇంకా ఆ ఉల్కే దొరుకుతోంది పాపం. కంటితో చూసి ఇది ఉల్క ఇనుము అని చెప్పేవాడిని నమ్మకు.

అసలు పమోర్ లోహం లోపలి నుంచి వస్తుంది. చెక్కిన చోట తెగుతుంది, వంపు దగ్గర వంగుతుంది, గంజా మీద కూడా ఉంటుంది. రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఉండదు. మెల్లగా వేలు రాస్తే కొన్నిటిలో ఆ తెల్ల గీతలు వెంట్రుకవాసి ఎత్తుగా తగులుతాయి. దొంగది ఆసిడ్‌తో రేకు మీద గీసిన బొమ్మ. ఎంతో పొందికగా ఉంటుంది, పలక అంచుకి కొద్ది దూరంలో ఆగిపోతుంది, గంజా మీదకి వెళ్ళడం మర్చిపోతుంది. నీ ఫోటోలో సరిగ్గా అదే ఉంది. రెండు వైపులా ఒకే పువ్వు, ఒకే చోట. చీర అంచు అనుకున్నాడేమో.

నాకు ఇదంతా తెలిశాక మళ్ళీ మోసపోలేదనుకుంటున్నావా? తెలిశాకే పెద్దగా మోసపోయాను. సగం తెలిసినవాళ్ళ కోసం వేరే వల ఉంటుందిరా. నాలుగో ఏడాది ఒకాయన ఇంటికి వచ్చి, పాత గుడ్డలో చుట్టిన కెరిస్ చూపించాడు. తుప్పు పట్టి, తినేసి, ముట్టుకుంటే రాలేలా ఉంది. పూర్వీకులదన్నాడు, ఇంట్లో పెళ్ళికి డబ్బు కావాలన్నాడు. వంపులు 9. నేను మనసులో ఎగిరి గంతేశాను. ఎంబాని అడక్కుండా కొన్నాను. అడిగితే ఎక్కడ వద్దంటాడోనని అడగలేదు, అసలు నిజం అది. ఆసిడ్‌లో నానబెట్టి ముసలిదాన్ని చేసిన పడుచు కత్తి అది.

అందుకని గుర్తుపెట్టుకో. నిజంగా ముసలితనం వచ్చిన కెరిస్ అన్ని చోట్లా ఒకేలా అరగదు. ఏటా కడిగి తుడిచిన చేతికి అంచులు పలచబడతాయి, మొన పొట్టిదవుతుంది, ఎత్తుగా ఉన్న చోట్లు మెత్తబడతాయి. లోతు గుంటల్లో మాత్రం ఆకురాయి పని ఇంకా వాడిగానే ఉంటుంది. ఆసిడ్ తిన్నది మశూచి మచ్చల్లా అంతటా ఒకే లోతున ఉంటుంది, తుప్పు కూడా ఎర్రగా పచ్చిగా ఉంటుంది. పిడి తీసి తోక చూపించమని అడుగు. జావా కెరిస్ పిడిని మేకులు కొట్టి బిగించరు. తోకకి గుడ్డ పీలిక చుట్టి బిర్రుగా తొడుగుతారు, మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. జిగురు పోసి అతికించి, లేదా మర బిగించి, "తీస్తే విరిగిపోతుంది" అంటే విరగాల్సింది మన బేరం.

ఒరని చూసి మోసపోకు, ఒరని చూసి వదులుకోకు కూడా. ఒర దానికి బట్టల్లాంటిది. పాతబడితే కొత్తది కుట్టిస్తారు, అందుకే మంచి పలక నాసి ఒరలో ఉండొచ్చు. కానీ ఏ ఊరి కట్టు ఆ ఊరికి ఉంటుంది. సోలో ఒర తీరు వేరు, యోగ్యకార్త తీరు వేరు. బాలి కెరిస్ ఒడ్డూ పొడుగూ ఎక్కువ. బుగిస్‌వాళ్ళ పిడి పక్షి తల వాల్చినట్టు వంగుతుంది. నీ ఫోటోలో బాలి పిడి, జావా ఒర, దాని మీద రంగు గాజు రాళ్ళు. పెళ్ళికొడుకు పంచె మీద కోటు తొడుక్కుని తలకి టర్కీ టోపీ పెట్టుకున్నట్టుంది.

ఇక శక్తి. జావాలో కెరిస్‌ని పుసాక అంటారు, తరతరాలుగా వచ్చే ఇంటి ఆస్తి. దాన్ని "కొన్నాను" అనడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు. ఇచ్చిన డబ్బుని ధర అనరు, మహర్ అంటారు, పెళ్ళిలో ఇచ్చేదానికి వాడే మాటే. ఒరలోంచి తీసే ముందు నుదుటికి ఆనిస్తారు, మనం పుస్తకం కళ్ళకద్దుకున్నట్టు. సురో నెల వస్తే, మన మొహర్రం రోజుల్లో, కెరిస్‌లకి స్నానం. ఎంబా ఇంట్లో నేను చూశాను. నిమ్మకాయ, లెరక్ అనే కాయ. చేతిలోకి తీసుకుని చూస్తే అది మన కుంకుడుకాయ చుట్టమే! సురో మొదటి రాత్రి సోలో కోటలోంచి పుసాకల ఊరేగింపు బయలుదేరితే ముందు తెల్ల గేదెలు నడుస్తాయి, వెనక జనం కిక్కురుమనకుండా నడుస్తారు. అంత జనంలో అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా చూడలేదు. పెళ్ళికొడుకు నడుము వెనక కెరిస్ దోపుకుంటాడు, దానికి మల్లెల దండ వేలాడుతుంది. వాళ్ళ నమ్మకం వాళ్ళది, దాన్ని ఎగతాళి చెయ్యకు. కానీ ఆ నమ్మకాన్ని పెట్టెలో పెట్టి, జీతం పెరుగుతుంది, శత్రువు నశిస్తాడు అని రాసి, తపాలా ఖర్చు అదనం అని అమ్మేవాడి దగ్గర మాత్రం కొనకు.

కథ చెప్పేవాళ్ళ గురించి ఇంకో మాట. దిపొనెగొరో అని జావా రాకుమారుడు, డచ్చివాళ్ళ మీద అయిదేళ్ళు యుద్ధం చేశాడు. 1830లో సంధి మాటలకని పిలిచి పట్టుకున్నారు. ఆయన కెరిస్ నువ్వున్న ఆ డచ్చి దేశపు రాజుగారికే చేరింది. తర్వాత మ్యూజియం వస్తువుల మధ్య ఏది ఆయనదో తెలియకుండా పోయింది. పండితులు పాత కాగితాలు తవ్వి, వేరే కెరిస్‌లతో పోల్చి, ఏళ్ళ తరబడి వెతికితే గానీ తేలలేదు. 2020 మార్చిలో దాన్ని ఇండోనేషియాకి తిరిగి ఇచ్చారు. రాజుగారికి చేరిన కత్తి, జాతీయ వీరుడి కత్తి, దానికే ఇంత శ్రమ పట్టింది. నీకు అమ్మేవాడికి ఏ రాజుదో, ఏ శతాబ్దానిదో రెండు లైన్లలో తెలిసిపోయిందా? అసలు తెలిసినవాళ్ళు కూడా కాలం చెప్పేటప్పుడు "తంగుహ్" అంటారు, అంటే అంచనా. ఎంబా నోట "ఇది ఫలానా కాలంది" అన్న మాట నేనెన్నడూ వినలేదు. "ఫలానా కాలం చేతిపనిలా ఉంది" అనేవాడు.

అంతా కలిపి పాతదే కొనాలంటున్నానని అనుకోకు. ఇక్కడే నేను చాలాకాలం పొరబడ్డాను. కొత్తదంటే దొంగది అనుకునేదాన్ని. స్వాతంత్ర్యం తర్వాత కొట్టినవాటికి అక్కడ ప్రత్యేకంగా పేరే ఉంది, కమర్దికాన్ అని. యోగ్యకార్త దగ్గర ఎంపు జెనో హరుంబ్రొజో అనే ఆయన, ఎంపు అంటే కెరిస్ కొట్టే ఆచార్యుడు, కొలిమి ఆరిపోయిన కాలంలో 1970లలో మళ్ళీ రాజేశాడు. మదుర దీవిలో సుమెనెప్ వైపు ఏంగ్ తొంగ్-తొంగ్ అనే ఊళ్ళో ఇంటింటా సుత్తి చప్పుడే. సోలో కళాసంస్థలో కెరిస్ చదువుకి డిగ్రీ ఇస్తారు. 2005లో యునెస్కో గుర్తించింది గోడకి తగిలించే కత్తిని కాదు, ఆ విద్యని. కాబట్టి "ఇది కొత్తది, ఫలానా కమ్మరి కొట్టాడు, ఇదిగో కొలిమి ఫోటో" అని చెప్పేవాడి దగ్గర కొను, నేనే సగం డబ్బు పంపుతాను. ఆఖరికి బొమ్మని బొమ్మ అని చెప్పి అమ్మినా తప్పేం లేదు. కొండపల్లి ఏనుగు కొని, ఇది తొండం ఎత్తట్లేదేం అని మనం ఎవరితోనూ పోట్లాడం కదా!

బుజ్జీ, అసలు నీకు కెరిస్ మీద మనసు ఎందుకు పోయిందో నాకు తెలుసు. చిన్నప్పుడు నేను సెలవులకి వచ్చి, సుకూ గుడి కథ చెప్పేదాన్ని. గుర్తుందా? సోలో నుంచి లావు అనే కొండ మీదకి వెళితే, 15వ శతాబ్దపు గుడి. అక్కడ ఒక రాతి పలక మీద భీముడు కమ్మరిగా కూర్చుని కత్తి కొడుతూ ఉంటాడు. అర్జునుడు తిత్తులు ఊదుతూ ఉంటాడు. మధ్యలో వినాయకుడు గెంతుతూ ఉంటాడు. "మరి ధర్మరాజేడి?" అని అడిగావు నువ్వు. "బేరం చెయ్యడానికి వెళ్ళాడు" అన్నాను. ఎంత నవ్వావో! ఆ నవ్వు కోసమైనా నీకు అసలుది చూపించాలని నాకూ ఉంది.

అందుకని ఒక పని చెయ్యి. కొనడానికి ముందు చూడు. కనీసం 50 చూడు. నువ్వున్న చోట నుంచి లైడెన్ ఎంత దూరం? అక్కడి మ్యూజియంలో, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఇండోనేషియా దీవుల వస్తువులు గదులకి గదులు ఉన్నాయి. ఎలా వచ్చాయన్నది వేరే కథ, 2023లో కూడా వందల వస్తువులు తిరిగి ఇచ్చారు, వాటిలో బాలి క్లుంగ్‌కుంగ్ రాజుల కెరిస్ ఒకటి. క్నౌడ్ కెరిస్ అని పేరున్న దాని బొమ్మ వెతికి చూడు. శక సంవత్సరం 1264 అని దాని మీద ఉంది, అంటే 1342. మన పంచాంగం మొదటి పేజీలో వేసే శకమే! పలక మీద రాగి రేకులో రామాయణం బొమ్మలు. తేదీ ఉన్న కెరిస్‌లలో అంత పాతది ఇంకొకటి తెలియదు. సోలో వెళితే 2017లో తెరిచిన కెరిస్ మ్యూజియం ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూడు, కాపలావాడు కసిరినా సరే. కళ్ళకి అలవాటైతే దొంగది ఫోటోలోనే గుచ్చుకుంటుంది. బియ్యంలో రాయి కనిపించినట్టు.

చట్టం సంగతి కూడా చెబుతాను, విసుక్కోకు. ఇండోనేషియా నుంచి నేరుగా పంపుతానంటే, పాత వారసత్వ వస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదని వాళ్ళకి 2010 చట్టం ఉంది. "500 ఏళ్ళ నాటిది, రేపే పార్సెల్ చేస్తా" అంటే రెండిట్లో ఒకటి అబద్ధం, లేదా రెండూ తప్పే. ఇక్కడికి తెస్తే, 9 అంగుళాలు దాటిన పలకకి మన ఆయుధాల చట్టం అడ్డు వస్తుంది. కెరిస్ పలక మామూలుగా 13, 14 అంగుళాలు ఉంటుంది. విమానాశ్రయంలో నువ్వు కత్తితో నిలబడితే మీ అమ్మని ఎవరు పట్టుకోవాలి?

ఒకవేళ ఎప్పుడైనా మంచిది నీ చేతికి వస్తే, దాన్ని తోమకుండా ఉండు చాలు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎంబా దగ్గరుండి ఇప్పించిన కెరిస్ ఒకటి నాకు ఉండేది. తిలం ఉపిహ్ అని నిటారు పలక. వక్కపట్ట పరుపు అని దాని అర్థం, ఇంట్లో శాంతి కోసం ఉంచుకునేదట. రాళ్ళు లేవు, పాము లేదు. నల్లగా ఉందని, మన కుందుల్ని తోమినట్టు చింతపండు, గరుకు కాగితం పెట్టి ఒక మధ్యాహ్నమంతా తోమాను. బాబాయికి చూపించాను కూడా, ఎంత మెరుస్తోందో చూడండి అని! ఎంబా చూసి ఏమీ అనలేదు. ఈసారి బగూస్ అని కూడా అనలేదు. సురో నెల దాకా దాచి, తనే మణిశిల పట్టించి ఇచ్చాడు. ఒలికిన బియ్యంలో సగం గింజలు మళ్ళీ కనిపించలేదు. ఆ సగం నేను తినేశాను. ఆ మణిశిల విషం, ఇంట్లో పొరపాటున కూడా నువ్వు ప్రయత్నించకు. పొడిగుడ్డతో తుడిచి, చందనం నూనె పలచగా రాస్తే చాలు.

మేము వచ్చేసేటప్పుడు దాన్ని తీసుకురాలేదు. ఎంబా అప్పటికి పోయాడు. మనవడి పెళ్ళి జరుగుతోంది, వాడి చేతిలో పెట్టి వచ్చాను. పెళ్ళిలో వాడు నడుముకి దోపుకున్నది అదే, సగం బియ్యంతోనే. ఫోటో పంపారు, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను. తేవడం కుదరక కాదు. అది వేరొకరి ఇంటి సామాను అనిపించింది. నేను కొన్నాళ్ళు కాపలా ఉన్నాను, అంతే. కాపలా కూడా సరిగా చెయ్యలేదనుకో.

మరి నాతో వచ్చింది ఏది? ఆ ఆరు వంపులదే. ఎర్రరాళ్ళలో రెండు ఊడిపోయాయి. బీరువాలోంచి తీసి ఇప్పుడు రేడియో పక్కన పెట్టాను. దానికి పదును లేదు గానీ, కవర్లు కొయ్యడానికి మహా బాగా పనికొస్తుంది. నీ ఉత్తరాలన్నీ దానితోనే కోసేదాన్ని. ఈ మధ్య నువ్వు అన్నీ మీ అమ్మ ఫోనుకే పంపుతున్నావు, పాపం దానికి పని లేక తుప్పు పడుతోంది. లైడెన్ వెళ్ళి, నీకు అన్నిటికన్నా నచ్చిన కెరిస్ ఏదో, దానికి ఎన్ని వంపులో లెక్కపెట్టి, కాగితం మీద రాసి పంపు. కవరు గట్టిగా అతికించు.

మాగాయ సీసా మీ స్నేహితుడి చేత పంపుతున్నాను. నూనె కారకుండా రెండు కవర్లు కట్టాను, విప్పేటప్పుడు నెమ్మది. వేళకి తిను.

ఇట్లు,
మీ పిన్ని